ఒంటి కంటికి ఆనిన లోతు

నా ఉద్యోగంలో చివరి క్షేత్ర పరీక్ష మార్కాపురంలో జరిగింది. కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి అది. హైదరాబాదులోని మా సంస్థ తలకు తగిలించుకునే హెడ్‌సెట్లు తయారుచేసేది. నేను అక్కడ ప్రధాన ఆప్టికల్ ఇంజనీరును. కటకాల విషయంలో, మనిషి కంటికి బొమ్మ ఎలా అందాలన్న విషయంలో ఆఖరి మాట నాది. కంభం రోడ్డులో కొందరు పలకల గనుల యజమానులు కలిసి నడుపుతున్న శిక్షణ కేంద్రానికి మా హెడ్‌సెట్లు సరఫరా అయ్యాయి. అవి అనుకున్నట్టు పనిచేస్తున్నాయని వాడేవాళ్ళ ఎదుటే పరీక్షించి, అంగీకార పత్రం మీద రెండు పక్షాల సంతకాలూ పెట్టించి తీసుకురావడం నాకు అప్పగించిన పని.

ఈ హెడ్‌సెట్లలో కళ్ళను పూర్తిగా కప్పేసి వేరే లోకం చూపించే రకం ఒకటుంది. మాది అది కాదు. ముందుభాగంలోని కెమెరాలు ఎదుటి గదిని ఉన్నదున్నట్టు లోపలి తెరల మీద చూపిస్తాయి. ఆ గదిలోనే, లేని వస్తువును ఉన్నట్టుగా సాఫ్ట్‌వేర్ నిలబెడుతుంది. దీన్ని మిక్స్‌డ్ రియాలిటీ అంటారు. శిక్షణ కేంద్రం రేకుల షెడ్డులో నిలబడిన కార్మికుడికి షెడ్డు స్తంభాలు కనిపిస్తాయి, తోటివాళ్ళు కనిపిస్తారు, వాళ్ళ మధ్యనే నల్లటి గని గోడ ఒకటి లేచి నిలబడుతుంది. ఆ గోడలో ఏ రాయి వదులైందో, ఏది ముందుకు పొడుచుకొచ్చిందో చూసి చేతిలోని కడ్డీని సరిగ్గా దాని మీద ఆనించాలి. అసలు గనిలో ఈ అంచనా తప్పితే రాయి మీదికి వస్తుంది. షెడ్డులో తప్పితే తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది, అంతే. యజమానులకు ఇది బాగా నచ్చింది. కొత్తగా తెరుస్తున్న లోతు గుంతలోకి ఈ పరీక్షలో నెగ్గినవాళ్ళనే దింపాలని తీర్మానించుకున్నారు.

నాతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పేరు రూతు. గిద్దలూరు దగ్గరి పల్లె ఆమెది. ఇంట్లో అందరూ పొలం కూలికి పోయేవాళ్ళే. ఈ పని జరిగినన్నాళ్ళూ ఆమె లాడ్జీలో దిగలేదు. సొంత ఇంట్లోనే ఉండి ఉదయం రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనుకు వచ్చేది, సాయంత్రం తిరిగి వెళ్ళేది. హోదాలో నాకంటే చాలా మెట్లు కింద ఉండేది. సందేహం వస్తే ఆ మెట్లను లెక్కపెట్టే అలవాటు మాత్రం ఆమెకు లేదు.

కేంద్రంలో శిక్షణాధికారి ఖాదర్ గారు. గనుల్లో ఫోర్‌మన్‌గా చేసి వచ్చిన మనిషి. నియమం అంటే నియమమే. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు, మూడూ తప్పితే ఫెయిలు. మొదటి రోజుల్లో అందరూ కొంత తడబడ్డారు. రాయి ఉన్నచోటి కంటే జానెడు ముందే కడ్డీ ఆపేవారు. హెడ్‌సెట్లలో దూరం ఉన్నదానికంటే తక్కువగా తోచడం మా రంగంలో తెలిసిన లోపమే. కాస్త అభ్యాసంతో సర్దుకుంటారని నేను పెద్దగా పట్టించుకోలేదు. మూడో అవకాశానికల్లా దాదాపు అందరూ నెగ్గారు కూడా.

నెగ్గనిది మేట్ నరసయ్య. గనుల్లో మేట్ అంటే కూలీల జట్టుకు పెద్ద. పొద్దున అందరికంటే ముందు గుంతలోకి దిగి గోడలన్నీ చూసి, దిగండి అని ఆయన కేక వేసేదాకా పైనున్నవాళ్ళు కాలు కదపకూడదు. నరసయ్యది పెద్ద గొంతు, పెద్ద మీసం. తన పని మీద తనకు గొప్ప నమ్మకం. అలాంటి మనిషి మొదటిసారి కడ్డీని గాల్లో ఆపాడు. రెండోసారి రాయిలోంచి అవతలికి పొడిచాడు. మూడోసారి తల అటూ ఇటూ ఊపుకుంటూ ముందుకు నడిచి, పక్కనున్న అసలు స్తంభానికి భుజం కొట్టుకున్నాడు. వెనక బెంచీల మీద కూర్చున్న జట్టువాళ్ళు నవ్వారు. ఆయన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంది సార్ ఇది? నేను పక్కకు వాలితే రాయి నాతోపాటే జరుగుతాది. అద్దం మీద బొమ్మ అంటించినట్టుంది గానీ, రాయి మాదిరి ఎక్కడుంది?"

తప్పినవాళ్ళకు ఒక్కో కన్నుకూ విడివిడిగా చూపు పరీక్ష చేయడం మా పద్ధతి. కటకం సరిగా అమరకపోయినా అంచనా తప్పుతుంది. పక్క గదిలోకి తీసుకెళ్ళి కుడి కన్ను మూయించి, ఎదుటి అక్షరాలు చదవమన్నాను. ఆయన ఒక్క అక్షరమూ చదవకుండా చేయి తీసేసి, ఎడమ కన్ను పనిచేయదని చెప్పాడు. చిన్న కొడుకు పుట్టిన ఏడు పలకరాతి ముక్క ఎగిరి తగిలిందట. పైకి చూస్తే ఆ కన్ను మామూలుగానే ఉంటుంది. జట్టులో ఎవరికీ తెలియదు. ఖాదర్ గారికీ తెలియదు.

ఖాదర్ గారు విని కుర్చీలో వెనక్కి వాలారు. మంచి మనిషే గానీ ఇక మేట్‌గా ఉంచలేమని, పైన పలకలు కోసే షెడ్డులోకి మార్చాలని అన్నారు. రేపు ఏదైనా జరిగితే ఒంటి కంటి మనిషిని గుంతలోకి ఎందుకు దింపావని తననే నిలదీస్తారని కూడా అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు.

నరసయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఇన్నేండ్లు ఈ ఒక్క కన్నుతోనే గోడలు చూసినా ఖాదరన్నా. నా జట్టులో ఒక్కరి మీద రాయి పడనీలా. ఈ పెట్టెలో రాయి నాకు ఆనలేదని, గుంతలో రాయి కూడా ఆనదని రాస్తావా?"

ఫలితాల కాగితం ఖాదర్ గారి ముందే ఉంది. అప్పుడు రూతు నా వైపు తిరిగింది.

"సార్, ఆయన్ని పాస్ చేయమని నేను అడగట్లేదు. తప్పింది ఆయనా, మన పెట్టా అన్నది తేలకుండా ఫెయిలని ఎట్ల రాస్తాం?"

ఆ ప్రశ్న న్యాయమైనది. మన రెండు కళ్ళు ఒకే వస్తువును కొద్దిపాటి తేడాతో చూస్తాయి, ఆ తేడాను బట్టి మెదడు దూరం లెక్క కడుతుంది. మా హెడ్‌సెట్ ప్రధానంగా ఆధారపడింది ఈ ఒక్క సూత్రం మీదే. ఎడమ తెరకు ఒక బొమ్మ, కుడి తెరకు మరో బొమ్మ పంపి లోతు పుట్టిస్తుంది. దూరం తెలియడానికి వేరే దారులూ ఉన్నాయి. ముందున్న వస్తువు వెనకదాన్ని కప్పుతుంది. వస్తువు నీడ నేల మీద ఎక్కడ పడిందో చూస్తే అది ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. తల పక్కకు జరిపితే దగ్గరివి ఎక్కువగా, దూరానివి తక్కువగా కదులుతాయి. ఒక కన్ను పోయిన మనిషి ఈ దారుల మీదే బతుకుతాడు. మా పెట్టెలో ఆ దారులు ఎంతవరకు తెరిచి ఉన్నాయన్నది అంతకుముందు ఎవరూ విడిగా పరీక్షించలేదు.

రూతు సూచించినదేమిటంటే, ముందు అసలు గనిలో నిజం తెలుసుకోవాలి. ఖాదర్ గారు కాసేపు తటపటాయించి ఒప్పుకున్నారు. పని ఆగిపోయి ఎండిన పాత గుంత ఒకటి ఉంది. గోడ గట్టిగా ఉన్న భాగం ఆయనే చూసి ఎంచారు. అందరికీ హెల్మెట్లు పెట్టించారు. గోడ మీద కొన్ని రాళ్ళకు సుద్దతో గుర్తులు వేసి, ఏది ముందుందో, ఏది వెనకుందో చెప్పి కడ్డీ ఆనించమన్నారు. రెండు కళ్ళూ బాగున్న కొందరు ముందు చేశారు. తర్వాత నరసయ్య వచ్చాడు. గోడ ముందు నిలబడి నడుము నుంచి కుడికీ ఎడమకూ వాలాడు, ఒక అడుగు పక్కకు వేసి మళ్ళీ చూశాడు, కడ్డీ చాచాడు. ఒక్క రాయి తప్పలేదు. మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువసేపు తీసుకున్నాడు, అంతే తేడా.

మేట్ చేయవలసిన పని ఇంకొకటి ఉంది. రాళ్ళు పైకి లాగే క్రేను గొలుసు ఊగుతూ కిందికి వస్తుంటే దాని కొక్కేన్ని చేత్తో అందుకుని నిలపాలి. ఖాదర్ గారు ఆ పరీక్షా పెట్టారు. కొక్కేనికి బదులు గుడ్డ చుట్టిన చెక్క కట్టించారు. నరసయ్య చేయి మూడుసార్లూ ఖాళీగా మూసుకుంది. వేగంగా దగ్గరికి వచ్చే వస్తువు విషయంలో తల వాల్చి చూసుకునే వ్యవధి ఉండదు. నరసయ్య ఆ చెక్కను చూస్తూ నిలబడిపోయాడు.

పైకి వచ్చాక రూతు మాతో చెప్పింది. ఇప్పుడు మనకు సరైన జవాబు తెలిసింది, మన హెడ్‌సెట్ నిజంగా లోతు చూపిస్తుంటే నరసయ్య అందులో గోడ పరీక్షలో నెగ్గాలి, కొక్కెం పరీక్షలో తప్పాలి, రెండింటిలో ఏది తారుమారైనా లోపం మనదే అని. చిత్రం ఎంత స్పష్టంగా ఉంది, ఎంత మెరుస్తోంది అన్న కొలతలతో ఎన్నో ఏళ్ళు గడిపిన నాకు, హెడ్‌సెట్‌ను ఇలా కొలవవచ్చని ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు ఆమె ఎడమ కంటి మీద దూది పెట్టి ప్లాస్టరు అంటించుకుని వచ్చింది. రైల్లో పక్కనున్నావిడ ఏమైందమ్మా అని అడిగిందట. అంతకుముందే ఇంట్లో తల్లి, బాగున్న కన్ను మూసుకునే పిచ్చి ఉద్యోగం ఏంది నీదని కేకలేసిందట. మొదటి రోజు జగ్గులోని నీళ్ళు గ్లాసు పక్కన బల్ల మీద పోసింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. రెండో రోజు నుంచి ఏదైనా అందుకునే ముందు తల కొంచెం పక్కకు వాల్చడం మొదలుపెట్టింది. తను అలా చేస్తున్నట్టు తనకే తెలియదు. నేను చెబితే ఆగి, వెంటనే హెడ్‌సెట్ తగిలించుకుని గని గోడ ముందు అదే విధంగా వాలి చూసింది. చాలాసేపు కుడికీ ఎడమకూ ఊగింది.

"సార్, దొరికింది," అంది. "దగ్గర రాయి, దూరం గోడ రెండూ కలిసి జరుగుతున్నాయి. ఒకే రేకు జరిగినట్టు."

కారణం ఇది. తల కదిలిన ప్రతిసారీ బొమ్మను కొత్తగా గీయడానికి యంత్రానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ ఆలస్యం కనిపించకుండా ఉండేందుకు, పాత బొమ్మనే తల కదలికకు తగ్గట్టు కొంచెం పక్కకు జరిపి చూపిస్తారు. మా సాఫ్ట్‌వేర్ బొమ్మ మొత్తాన్నీ ఒకే దూరంలో ఉన్న పలుచని రేకులా భావించి జరిపేది. తల అక్కడికక్కడే తిప్పితే ఇందులో ఇబ్బంది లేదు. పక్కకు వాలితే మాత్రం దగ్గరదీ దూరందీ ఒకేలా జారతాయి. రెండు కళ్ళున్నవాళ్ళు ఈ తప్పును గమనించరు, ఎందుకంటే కళ్ళ తేడా వాళ్ళను కాపాడుతుంది. తల కొద్దిగా చిరాకుగా ఉందని మాత్రం అంటారు. నరసయ్యకు మిగిలిన ముఖ్యమైన ఆధారం ఆ కదలికే. దాన్నే మేం చెరిపేశాం. తను పక్కకు వాలితే రాయి తనతోపాటే జరుగుతోందని ఆయన మొదటే అన్న మాటకు అర్థం ఇదే.

రూతు బొమ్మలోని ప్రతి బిందువుకూ దాని దూరాన్ని జతచేసి, ఆ దూరాన్ని బట్టి ఎక్కువో తక్కువో జరిగేలా ఆ భాగాన్ని తిరగరాసింది. దానికి తోడు మరో రెండు మార్పులు చేసింది. అంతవరకు తెరమీది రాయి అసలు మనిషి మీదుగా కనిపించేది. చేయి రాయికి ముందున్నా రాయే చేతిని కప్పేసేది. హెడ్‌సెట్‌లోని దూరం కొలిచే సెన్సర్ సాయంతో ముందున్నదే ముందు కనిపించేలా చేసింది. షెడ్డులో వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో గుర్తించి, రాయి నీడ నేల మీద, మనుషుల మీద కూడా పడేలా చేసింది.

ఇంత లెక్క చేయడంతో యంత్రం వేడెక్కిపోయింది. మార్కాపురం వేసవిలో రేకుల షెడ్డు కింద అది మధ్యాహ్నానికల్లా ఆగిపోయేది. ఎక్కడో ఒకచోట భారం తగ్గించాలి. రూతు పలకరాతి మీద మెరుపును తీసేసింది. గోడకు పైపైన అద్దిన నునుపూ నిగనిగలూ పోయి చిత్రం కొంచెం కళ తప్పినట్టు కనిపించింది; వేడి కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. హైదరాబాదులో మా విభాగాధిపతికి అది నచ్చలేదు. కొనేవాళ్ళు సంతకానికి సిద్ధంగా ఉంటే, అందంగా ఉన్నదాన్ని చెడగొట్టి ఆలస్యం చేయడమేమిటని ఫోన్లో అడిగారు. ఆ పెట్టె మనుషుల్ని తప్పుగా కొలుస్తోందని తెలిశాక అంగీకార పత్రం మీద నా సంతకం పెట్టలేనని చెప్పాను. ఆయన వేరే ఎవరినైనా పంపవచ్చు, ఆ అధికారం ఆయనకుంది. కానీ ఎన్నాళ్ళు పడుతుందని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్నకు రూతే జవాబు చెప్పాలి గనుక ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆమె తొణక్కుండా, వేడి సమస్య తీరగానే అయిపోతుందని అంది. ఎప్పుడు తీరుతుందో మాత్రం చెప్పలేదు. నేనైతే ఏదో ఒక తేదీ చెప్పి ఉండేవాణ్ణి.

భారం ఇంకొంత తగ్గించాక అది తీరింది; మళ్ళీ పరీక్ష పెట్టాం. ఖాదర్ గారు నియమం ప్రకారం కాగితం కొత్తగా మొదలుపెట్టారు. నరసయ్య రావడానికి ఇష్టపడలేదు. రూతే వెళ్ళి పిలుచుకొచ్చింది. జట్టువాళ్ళ ముందు మళ్ళీ స్తంభాన్ని గుద్దుకోమంటావా అన్నాడట. "ఈసారి తప్పితే మీరే తప్పినట్టు పెదనాయనా, పెట్టె మీద నెట్టేదానికి ఉండదు," అందట ఈమె. ఆ మాటకే వచ్చినట్టున్నాడు.

హెడ్‌సెట్ తగిలించుకుని గోడ ముందు నిలబడ్డాడు. కుడికి వాలాడు, ఎడమకు వాలాడు. చేయి చాచి రాయికి అడ్డంగా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడుంది రాయి," అన్నాడు.

మొదటి రాయి మీద కడ్డీ ఆనింది. రెండోదాని మీద కూడా ఆనింది. మూడోది ఆయన తల కంటే ఎత్తులో, ముందుకు వేలాడుతున్న పెద్ద బండ. దాన్ని చూస్తూ ఉండగా తీగ ఒకటి ఆయన కాలికి అడ్డం పడుతోందని రూతు ముందుకు వచ్చి వంగింది. మా కంటికి అక్కడ ఖాళీ షెడ్డూ సిమెంటు నేలా తప్ప ఏమీ లేవు. నరసయ్య కంటికి ఆమె బండ కింద ఉంది, బండ నీడ ఆమె వీపు మీద పడింది.

"పక్కకు రా తల్లీ!" అని షెడ్డు అదిరేలా అరిచి, కడ్డీ పారేసి, ఆమె చేయి పట్టుకుని వెనక్కి లాగేశాడు. ఇద్దరూ తూలి బల్లకు తగులుకున్నారు. ఆమె మోచేయి గీసుకుపోయింది. నరసయ్య హెడ్‌సెట్ తీసి పైకి చూశాడు. రేకులు కనిపించాయి. ఆయనే ముందు నవ్వాడు. "ఏందమ్మా నువ్వు, బండ కిందికి దూరితివి," అన్నాడు. ఈసారి బెంచీల మీదివాళ్ళు నవ్వలేదు, లేచి దగ్గరికి వచ్చి ఆ బండ ఎక్కడుందో తమకూ చూపించమన్నారు. రూతు మోచేయి తుడుచుకుంటూ నా వైపు చూసింది. నేను ఎన్నో ప్రయోగశాలల్లో ఎన్నో విజయాలు చూశాను. ఇలాంటి రుజువు మరొకటి చూడలేదు.

తర్వాత కొక్కెం పరీక్ష; దానికోసం రూతు ఊగే గొలుసును కూడా సాఫ్ట్‌వేర్‌లో చేర్చింది. హెడ్‌సెట్‌లో గొలుసు ఊగుతూ వచ్చింది, ఆయన చేయి ఖాళీగా మూసుకుంది. మూడుసార్లూ అంతే. పాత గుంతలో ఎలా జరిగిందో ఇక్కడా అలాగే జరిగింది. రూతు ముఖంలో విచారం, తృప్తి రెండూ కనిపించాయి. ఆమె ఏమీ దాచలేదు. పని బాగా కుదిరిందనడానికి ఇది కూడా రుజువేనని, ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదని నాతో మెల్లగా అంది. చెప్పవలసిన అవసరం రాలేదు. నరసయ్య హెడ్‌సెట్ తీసి ఖాదర్ గారి చేతికిచ్చాడు. "కొక్కెం వేరేవాడు పట్టనీలే అన్నా. గోడ నేను చూస్తా," అన్నాడు.

ఖాదర్ గారు కంటి డాక్టరుకు చూపించి, యజమానులతో మాట్లాడి, ఆ విధంగానే రాయించారు. నరసయ్య మేట్‌గానే ఉన్నాడు. గోడలు చూసే బాధ్యత ఆయనది, గొలుసు కింద నిలబడే పని జట్టులో మరొకరిది. ఎడమ కన్ను సంగతి అందరికీ తెలిసిపోయింది. దాన్ని దాచుకోవలసిన పని లేకపోవడం తనకు హాయిగా ఉందని మేం బయల్దేరే రోజు చెప్పాడు. రెండు కళ్ళున్న మిగతావాళ్ళు కూడా ఈ మార్పుల తర్వాత కడ్డీని జానెడు ముందు ఆపడం మానేశారు. తల చిరాకు గురించి ఫిర్యాదులు తగ్గాయి. అంగీకార పత్రం మీద ఖాదర్ గారూ నేనూ అప్పుడు సంతకాలు చేశాం. రూతు రాసిన భాగాన్ని మా సంస్థ తర్వాతి హెడ్‌సెట్లన్నిటిలోనూ ఉంచింది. నేను పదవీ విరమణ చేసేనాటికి హెడ్‌సెట్లలో లోతు పని చూసే విభాగానికి ఆమే అధిపతి.

ఈ రంగంలోకి వస్తున్నవాళ్ళు సలహా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. హెడ్‌సెట్ చేతికి రాగానే ఒక కన్ను మూసుకుని చూడండి, తల పక్కకు వాల్చండి, చేయి అడ్డం పెట్టండి. అప్పుడు మిగిలిన లోతే మీరు తయారుచేసింది. మిగతాదంతా చూసేవాడి రెండో కన్ను మీకు ఇచ్చిన అప్పు.